మొదటి గొంతు, మలి గొంతు

ఈ నెల సంగీత శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి అడిగాయి. ఒకరు పాడిన పాటను తర్వాతి కాలంలో మరొకరు పాడినప్పుడు (ఇప్పుడు కవర్ పాట అంటున్నది దీన్నే) రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎలా వినాలన్నదే ఆ విషయం. అందుకే మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఈ నాలుగింటికే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో 'నానాటి బతుకు నాటకము' అంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతే. ఈ మధ్య మా కోడలు ఒక యువగాయని గిటారుతో పాడిన కవర్ పాట వినిపించింది. చాలా నిదానంగా ఉంది, పల్లవి పదే పదే వస్తుంది, మొదటి చరణం ఒక్కటే పాడారు. మావారు అసలు పాటను పాడుచేశారని అంటున్నారు. కోడలేమో పాతదానికంటే ఇదే తన మనసును తాకిందంటోంది. నాకు రెండూ నచ్చాయి గాని, ఏది ఎక్కడ బాగుందో చెప్పలేకపోతున్నాను. ఇటువంటి పోలికకు ఒక పద్ధతి ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: 'అసలు పాట' అని మీవారు అంటున్నది దేన్నో ముందు తేల్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది. సాహిత్యం అన్నమాచార్యులది. ఆయన 1408 నుంచి 1503 వరకు జీవించారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తన పాఠం, రాగం పేరు కనిపిస్తాయి గాని, ఈ పాటను ఆయన ఏ వరుసలో పాడారో తెలిపే స్వరలిపి మనకు లేదు. మనమంతా రేవతి రాగంలో వింటున్న వరుసను కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన మీ ఊరి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నవారే. ఆ వరుసను సుబ్బులక్ష్మి గారు పాడాక అది ఇంటింటి పాట అయింది. అంటే మీ ఇంట్లో అసలుగా చెలామణి అవుతున్న రికార్డు కూడా అన్నమయ్య తర్వాత సుమారు ఐదు వందల ఏళ్లకు వచ్చిన రూపమే. ఆ మాట వల్ల దాని గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. అయితే ముందు వచ్చింది కాబట్టి అదే సరైనదన్న వాదనకు మాత్రం పట్టు ఉండదు. కొత్తగా వచ్చింది కాబట్టి మనసుకు దగ్గరగా ఉందన్న వాదనకూ అంతే. పాడినవారు ఆ సాహిత్యంలో ఏమి విన్నారు, విన్నదాన్ని మనకు వినిపించగలిగారా అన్నదే నేను నమ్మే కొలత. ఆ కొలతతో చూస్తే ఏది నిలుస్తుందో, ఏది నిలవదో పాటలోనే తెలిసిపోతుంది.

రికార్డు పెట్టే ముందు ఈ పాటను ఒకసారి పైకి చదవండి. పల్లవిలో మొదటి పాదం 'నాటకము'తో ముగుస్తుంది, రెండో పాదం 'కానక కన్నది కైవల్యము' అంటుంది. చరణాలు మూడింటిలోనూ ఇదే కట్టు. రెండో పాదం నాటకం దగ్గర ఆగుతుంది, నాలుగో పాదం కైవల్యం దగ్గర ఆగుతుంది. 'పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము' అన్నాక 'కట్టకడపటిది కైవల్యము' అని రాకపోతే అన్నమయ్య చెప్పదలచినది సగంలో ఆగినట్టే. కాబట్టి ఈ పాట పాడే ఎవరినైనా నేను మొదట వినేది ఈ రెండు మాటల దగ్గరే. రెండింటినీ ఒకే బరువుతో, ఒకే ఊపుతో పాడేస్తే ఆ గాయకుడు వరుసను నేర్చుకున్నాడు గాని పాటను ఇంకా చదవలేదన్నమాట. సుబ్బులక్ష్మి గారికి తెలుగు మాతృభాష కాదు. అయినా ఆమె పాటలో ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది, పాదం ముగిసే చోట భావం కూడా ముగుస్తుంది. ఆ శ్రద్ధే ఆ రికార్డును ఇన్నేళ్లుగా నిలబెట్టిందని నా నమ్మకం.

ఇప్పుడు మీ కోడలు వినిపించిన పాటకు వద్దాము. మీరు రాసినదాన్ని బట్టి అందులో పల్లవి మొదటి పాదమే పదే పదే వచ్చి, చివరికి దాని మీదే పాట ముగుస్తున్నట్టయితే, అది బతుకు నాటకమని మాత్రమే చెప్పి ఊరుకుంటున్నది. వినేవారికి మిగిలేది ఒక విషాదం. అన్నమయ్య పాటలో విషాదం ఉన్నా అది దారిలో వచ్చే మజిలీయే. మూడో చరణం వదిలేయడం ఇంకా పెద్ద లోటు. 'ఎగువనె శ్రీవేంకటేశ్వరుడేలిక' అన్న ముద్ర, అంటే కవి సంతకం వంటి మాట, అక్కడే ఉంది, పాట ఎవరి ఎదుట నిలబడి పాడుతున్నారో అక్కడే తెలుస్తుంది. కవర్ పాడేవారికి చరణాలు తగ్గించుకునే స్వేచ్ఛ ఉండవచ్చు. రెండో చరణం వదిలి మూడోది ఉంచినా నేను ఒప్పుకుంటాను. పాటకు దిక్కు చూపే చరణాన్నే వదిలితే మాత్రం ఒప్పుకోలేను.

ఆ మూడో చరణంలోనే ఊపిరికి ఒక పరీక్ష ఉంది. 'తెగదు పాపము, తీరదు పుణ్యము' అన్న పాదంలో 'పాపము' తర్వాతనే ఊపిరి తీసుకోవాలి. తాళం కోసమో, గొంతు సౌకర్యం కోసమో 'తెగదు' దగ్గర ఆగి 'పాపము తీరదు' అని కలిపి పాడితే అర్థం తలకిందులవుతుంది. పాపం తెగకపోవడం ఒకటి, పుణ్యం తీరకపోవడం మరొకటి. రెండూ మనిషిని కట్టి ఉంచేవేనన్నది ఆ పాదంలోని భావం. పేరున్నవారు పాడిన రూపాల్లో కూడా ఈ తప్పు జరగవచ్చు, కాబట్టి పాతదీ కొత్తదీ అన్న తేడా లేకుండా ఈ పాదాన్ని వేసుకుని చూడండి.

గిటారు విషయంలో మీవారి అసంతృప్తికి సంగీతపరమైన కారణం ఉంది, బహుశా ఆయన చెవి దాన్ని పట్టుకున్నది. రేవతి రాగంలో ఉన్నవి ఐదే స్వరాలు: షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. గాంధారం, ధైవతం లేవు. గిటారు మీద షడ్జానికి మామూలుగా పట్టే కార్డు (కలిపి మోగించే మూడు స్వరాల కట్ట) మేజరైనా మైనరైనా దాని నడుమ స్వరం గాంధారమే. గాయని గొంతు రాగాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడినా, కింద తీగల మీద రాగంలో లేని స్వరం మోగుతూనే ఉంటుంది. అందువల్ల రేవతికి ఉన్న ఆ ఖాళీ, ఆ నిర్లిప్తత, పోయి పాట ఒక మెత్తని సినీ విషాదంలోకి జారిపోతుంది. ఇది గిటారు తప్పు కాదు. షడ్జ పంచమాలను మాత్రమే మీటుతూ, మధ్యమాన్ని అప్పుడప్పుడు తాకుతూ వాయించే కళాకారుడి చేతిలో ఉంటే అదే గిటారు తంబురాకు దగ్గరగా వస్తుంది. ఆ పాటలో ఏ పద్ధతిని వాడారో తెలుసుకోవాలంటే, గాయని ఆగినచోట తీగల మోత ఒక్కటే వినిపించే క్షణాన్ని పట్టుకుని, దాని మీద రేవతి స్వరాలను మెల్లగా పాడుకుని చూడండి. కలవకపోతే మీకే తెలుస్తుంది.

అయితే మీ కోడలి మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. నిదానం ఈ పాటకు కీడు చేయదు. 'కానక కన్నది' అన్న మాటల మధ్య కాస్త ఎడం దొరికితే, కనబడనిదాన్ని కనడమనే ఆ భావం వినేవారికి అందేందుకు వ్యవధి దొరుకుతుంది. పైగా ఇప్పటి మైకు పెదవుల దగ్గరే ఉంటుంది గనుక సభకు వినిపించేలా గొంతు ఎత్తవలసిన అవసరం లేదు. తనలో తాను అనుకుంటున్నట్టుగా పాడినా స్పష్టంగా అందుతుంది. ఈ సాహిత్యానికి ఆ స్వగత ధోరణి నప్పుతుంది. సభాగానంలో అది దొరకడం కష్టం. కాబట్టి నా తీర్పు ఇది: ఆ అమ్మాయి పాటలో సగాన్ని బాగా విన్నది, ఆ సగాన్ని నిజాయితీగా పాడింది. తక్కిన రెండు చరణాలూ నేర్చుకుని, తీగల మీది గాంధారాన్ని తీసేసి మళ్లీ పాడితే, మీవారు కూడా కూర్చుని వింటారని నా ఆశ.

ప్రశ్న: మా తాతగారి గ్రామఫోను రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించుకున్నాము. గొంతులు సన్నగా, పాట పరుగెడుతున్నట్టు వినిపిస్తున్నాయి. అవే లలితగీతాలను ఇప్పటి గాయకులు కిందిశ్రుతిలో, నెమ్మదిగా పాడుతున్నారు. పాతవారి శ్రుతి అంత ఎక్కువగా ఉండేదా?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: సాలూరు నుంచి ఈ ప్రశ్న రావడం సంతోషం. మీ దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారు లలితగీతాల రికార్డులకు దారి తీసినవారిలో ముఖ్యులు. ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన రికార్డులు మీ తాతగారి పెట్టెలో ఉంటే వాటిని పదిలంగా దాచండి.

పోల్చడానికి ముందు మీరు ఎక్కించిన వేగం సరైనదో కాదో చూడాలి. తిప్పే వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టుకు చేరుతుంది. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిప్పవలసిన రికార్డును 80తో తిప్పినా దాదాపు అర మెట్టు పైకి పోతుంది, గొంతు సన్నబడుతుంది. పాట శ్రుతి హార్మోనియంలో ఏ మెట్టుకూ కుదరకుండా రెండు మెట్ల నడుమ పడుతున్నట్టయితే వేగాన్ని అనుమానించండి. వేగం సరిచేశాక కూడా తేడా మిగిలితే, అది గాయకుల ఎంపిక. మన కచేరీల్లో మగవారు ఒకటి శ్రుతికి (హార్మోనియం మీది మొదటి తెల్లమెట్టు) అటూ ఇటూగా, ఆడవారు ఐదు శ్రుతి (ఐదో తెల్లమెట్టు) దగ్గర పాడడం మామూలు కాబట్టి, ఆడవారి పాటను మగవారు అందుకున్నప్పుడు శ్రుతి దిగడం లోపంగా లెక్కించరాదు.

వేగానికి ఇంకో కారణం కూడా ఉంది. పది అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ ఆ వ్యవధిలోనే ఇమడాలి. అందువల్ల సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రీతులు) తగ్గించి, నడక కాస్త పెంచి పాడవలసి వచ్చేది. ఆ పరిమితి లేని ఇప్పటి గాయకుడు ఆరు నిమిషాలు తీసుకుంటే దాన్ని సాగదీతగా కొట్టిపారేయకుండా, అదనంగా దొరికిన మూడు నిమిషాల్లో ఏమి చేశాడో వినండి. కొత్త సంగతి ఒక్కటైనా అర్థవంతంగా వేశాడా, లేక వాద్యాలతో నింపేశాడా అన్నది అక్కడ తేలుతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ నాట్ల రోజుల్లో పాడిన పాటలు ఇప్పుడు సినిమాల్లో, పెళ్లి ఊరేగింపుల డీజేల్లో వినిపిస్తున్నాయి. మా ఊరి పిల్లలు సినిమాలోదే అసలు పాట అనుకుంటున్నారు. అమ్మమ్మ పాడితే 'తప్పు పాడుతున్నావు' అంటున్నారు. వారికి ఎలా చెప్పాలి?
– ఒక గృహిణి, టెక్కలి

జవాబు: మీ ఉత్తరం చదివాక బాధ కలిగింది. మీ అమ్మమ్మ గారు తప్పు పాడడం లేదని ముందుగా ఆ పిల్లలకు గట్టిగా చెప్పండి.

జానపద గీతానికి తొలి రికార్డును అసలుగా భావించడం పొరపాటు. రికార్డు చేసిన రోజున ఆ పాట అప్పటికే ఎన్నో నోళ్లలో, ఎన్నో రూపాల్లో ఉంది. ఒక ఊళ్లో నాలుగు చరణాలు ఉంటే పక్క ఊళ్లో తొమ్మిది ఉంటాయి, వరుసకు మరదలైన పిల్ల పక్కన నాటుతూ ఉంటే ఆమె పేరు అప్పటికప్పుడు పాటలోకి వస్తుంది. ముందు ఒకరు అందుకుంటారు, తక్కినవారు వంత పాడతారు. పాదం పొడవు వంగి నారు పెట్టే చేతి కదలికకు సరిపోతుంది. 2020లో వచ్చిన పలాస 1978 చిత్రం ద్వారా మన ఉత్తరాంధ్ర పాట 'నాది నక్కిలీసు గొలుసు' రెండు రాష్ట్రాల్లోనూ మారుమోగినప్పుడు నేనూ సంతోషించాను. మన యాసను వెక్కిరింతకు కాక పాటకు ప్రాణంగా వాడిన సందర్భం అది. కాని అటువంటి విజయంతో పాటు ఒక నష్టం వస్తుంది. ఎన్నో రూపాల్లో ఉన్న పాటకు ఒకే రూపం ఖరారైపోతుంది, ఆ రూపమే తిరిగి మన ఊళ్లకు వచ్చి అమ్మమ్మల నోరు మూయిస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

రెండు రూపాలను పిల్లల చేత పోల్చి వినిపించండి. సినిమాలోనూ డీజేలోనూ తాళం యంత్రంతో కట్టినది కాబట్టి మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే వేగంలో నడుస్తుంది. తప్పెటగుళ్లు చూసినవారెవరికైనా తెలుసు, ఛాతీ మీది రేకు గుల్లలను వాయిస్తూ ఆడేవారి వేగం మెల్లగా మొదలై, అడుగు పుంజుకున్న కొద్దీ పెరుగుతుంది, అలసట తీర్చుకోవడానికి మళ్లీ తగ్గుతుంది. జముకుల కథ అనే కథాగానంలో జముకు మోత కూడా ఒకేలా ఉండదు. తోలుకు కట్టిన తీగను లాగి, వదులు చేస్తూ మీటుతుంటే మోత పైకీ కిందికీ జారుతూ పాడేవారి మాటకు బదులు చెబుతున్నట్టుంటుంది. కీబోర్డులో దాచిన జముకు శబ్దం ఒక్కటే తునకను తిప్పి తిప్పి వినిపిస్తుంది, ఆ జారుడు అందులో రాదు. అలాగే శ్రుతిని యంత్రంతో సరిచేసే పద్ధతి 1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటి నుంచి స్టూడియోల్లో పాతుకుపోయింది. రెండు స్వరాల నడుమ వాలుగా నడిచే పల్లె గొంతును అది మెట్లు మెట్లుగా నిలబెడుతుంది. మీ పిల్లలు అమ్మమ్మ పాటలో తప్పుగా భావిస్తున్నది ఆ వాలునే కావచ్చు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. పల్లె బాణీలో ఉన్న ప్రతి పాటా జానపదం కాదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు రాసిన పాటలు జనం నోట ఎంతగా నానిపోయాయంటే, చాలామంది వాటిని రచయిత లేని పాటలుగా భావిస్తారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం నేపథ్యంగా ఆయన కట్టిన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' కొండలకు రమ్మని పిలిచే పాట. 2009లో వచ్చిన మగధీర చిత్రంలోని ఒక పాటలో ఆ పిలుపు వినిపిస్తుంది గాని, అక్కడ అది నాయికా నాయకుల ఆటపాటగా మారిపోయింది. ఊపు అదే, మాటలు అవే, పిలిచే చోటు మారింది. రెండూ విన్న తర్వాత ఏది ఇష్టమో ఎవరి అభిరుచి వారిది. కాని మొదటిది ఎవరు, ఏ ప్రజల కోసం రాశారో తెలియకుండా రెండోదాన్ని మెచ్చుకోవడం ఆ కవికి అన్యాయం. సంకలనాల్లో 'జానపదం' అని ఒక్క మాట రాసి రచయిత పేరు దాటవేసే అలవాటు పోవాలి.

మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. అమ్మమ్మ గారి చేత పాడించి ఫోనులో రికార్డు చేయండి. ఆమె మధ్యలో ఆగి చెప్పే మాటలను కూడా కత్తిరించకుండా ఉంచండి. పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వివరాలను రికార్డు మొదట్లో ఆమె గొంతుతోనే చెప్పించండి. కాగితం మీద రాసినది పాట నుంచి విడిపోవచ్చు, గొంతులో ఉన్నది విడిపోదు.

ప్రశ్న: సంగీతం నేర్చుకుంటున్నాను. పాత సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు నా గొంతుతో పాడి ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంటున్నాను. అనుమతి కావాలా?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికీ సంగీతానికీ హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. రికార్డు చేసిన శబ్దానికి అది విడుదలైన తర్వాత 60 ఏళ్లు. ఈ రెండూ వేర్వేరని గుర్తుంచుకోండి. 1950ల నాటి రికార్డు మీది హక్కు ముగిసినా అందులోని పాట మీద హక్కు ఇంకా ఉండవచ్చు. అన్నమయ్య సాహిత్యానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, కాని మీరు పాడే వరుస ఎవరిదో చూడాలి. నేదునూరి గారు 2014లో మరణించారు కాబట్టి ఆయన కట్టిన వరుసలకు 2074 చివరి వరకు రక్షణ ఉంటుంది. వంగపండు గారు మరణించినది 2020లో, అంటే ఆయన పాటలకు 2080 చివరి దాకా. 1915లో కన్నుమూసిన గురజాడ వారి గేయాలు అందరివీ, వాటికి మీరే కొత్త వరుస కట్టుకోవచ్చు.

కవర్ పాటల రికార్డుల కోసం 2012 సవరణతో 31సి అనే సెక్షన్ చేరింది. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి, హక్కుదారులకు ముందుగా తెలియజేసి రాయల్టీ చెల్లించాలి, ఆ రాయల్టీ పాటకు ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన ఉంటుంది. సాంకేతికంగా అవసరమైనవి తప్ప మార్పులు చేయరాదు. పాత గాయకుల పేరు గాని బొమ్మ గాని అట్ట మీద వేసి భ్రమ కలిగించరాదు, ఇది కవర్ పాట అని స్పష్టంగా రాయాలి. వీడియోగా పెట్టాలంటే సాహిత్య సంగీతాల హక్కుదారుల అనుమతి విడిగా అవసరమవుతుంది. ఇంకొకరు తయారుచేసిన కరవోకే ట్రాకు (గొంతు లేకుండా వాద్యాలే ఉన్న రికార్డు) వాడుకుంటే దాని హక్కు ట్రాకు చేసినవారిది. తంబురాతోనో, మీ మిత్రుల వాద్యంతోనో పాడితే ఆ చివరి చిక్కు ఉండదు. వివరణలో రచయిత, స్వరకర్త, తొలి గాయకుల పేర్లు ముగ్గురివీ రాయండి. అనుమతికి అది ప్రత్యామ్నాయం కాదు, అయినా అనుమతి అవసరం లేని పాటకు కూడా రాయవలసిందే.